ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా బుర్ర వేడెక్కకుండా ఇంటికి చేరాలంటే

సాయంత్రం ఆరున్నరకి హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సిగ్నల్ మూడోసారి ఎర్రగా మారిందంటే ఎంత ఓపికున్న మనిషికైనా చిర్రెత్తుతుంది. అయితే అంతసేపు పట్టినందుకు కాదు ఆ చిరాకు, ఇంకెంతసేపు పడుతుందో తెలియకపోవడం వల్ల. రోజూ కచ్చితంగా గంటంపావు పడుతుందంటే ఎవరైనా దానికి అలవాటుపడిపోతారు. ఇవాళ యాభై నిమిషాలు, రేపు రెండు గంటలు అంటేనే సమస్య, ఎందుకంటే మన చేతిలో ఏమీ లేదనిపించినప్పుడు ఒళ్లు దాన్ని ప్రమాదంలాగే తీసుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, మెడా దవడా మనకి తెలియకుండానే బిగుసుకుపోతాయి. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలోని టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినులని, నిన్న చేసిన ఒక్కో పని చేస్తున్నప్పుడు మీకెలా అనిపించిందని అడిగారు. అన్నిటికంటే అట్టడుగున నిలిచింది పొద్దున ఆఫీసుకి వెళ్లే ప్రయాణమే. ఆఫీసు పనికి కూడా దానికంటే కాస్త మంచి మార్కులే పడ్డాయి!

అందుకే నా మొదటి సలహా కొంచెం తేడాగా ఉంటుంది. తొందరగా వెళ్లే దారి వెతకడం మానేసి, రోజూ ఇంచుమించు ఒకే టైం పట్టే దారి పట్టుకోండి. మ్యాప్స్ నాలుగు నిమిషాలు ఆదా అని చూపించగానే గల్లీల్లోకి దూరితే అక్కడ ఒక వాటర్ ట్యాంకరో పెళ్లి బరాతో ఎదురైతే చాలు, ఆ నాలుగు నిమిషాలూ వడ్డీతో సహా పోతాయి. మెట్రోని నేను గట్టిగా సమర్థించేది కూడా ఈ కారణంతోనే. ఎల్బీనగర్ నుంచి రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారి రాయదుర్గం వెళ్లాలంటే ఆఫీసుల టైంలో కూర్చునే సీటు దొరకడం కష్టమే, స్టేషన్ నుంచి ఆఫీసుకి షేర్ ఆటో గొడవ ఉండనే ఉంది. అయినా ఎన్నింటికి చేరతామో ముందే తెలుస్తుంది. బండి తీయక తప్పని వాళ్లు కనీసం వారంలో రెండు రోజులు మెట్రోకో ఎంఎంటీఎస్‌కో మారి చూడండి.

బయల్దేరే ముందు చేయాల్సినవి చిన్నవే. బాత్రూంకి వెళ్లి రండి, ముఖ్యంగా ఆడవాళ్లు, దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరుకుతుందన్న భరోసా మన ఊళ్లో లేదు కదా. ఏదో ఒకటి తిని బయల్దేరండి, బ్యాగులో నీళ్ల సీసా, ఒక పల్లీ చిక్కీ ఉంచుకోండి. ట్రాఫిక్ కోపం అనుకునేదాంట్లో సగం ఆకలే. వాన మొదలైతే మాత్రం బయల్దేరనే బయల్దేరకండి. అందరూ ఒకేసారి ఆఫీసుల్లోంచి బయటపడేది అప్పుడే, ఐటీ కారిడార్‌లో నీళ్లు నిలిచేది కూడా అప్పుడే. క్యాంటీన్‌లో టిఫిన్ చేసి, మిగిలిన పనేదో ముగించుకుని కాస్త ఆగి వెళ్తే చాలాసార్లు ముందు బయల్దేరినవాళ్లతో పాటే ఇంటికి చేరతారు.

ఇక జామ్‌లో ఇరుక్కున్నాక. ముందు ఎవరినీ తిట్టుకోకండి, ఎందుకంటే చాలాసార్లు తప్పు ఎవరిదీ కాదు. 2008లో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లని ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డంగా వచ్చే ఆటో లేదు, అయినా కాసేపటికి జామ్ పుట్టింది. ఒకరు కొంచెం స్లో చేస్తే వెనకవాళ్లు ఇంకొంచెం స్లో చేస్తారు, అదే వెనక్కి పాకుతుంది. కాబట్టి హారన్ కొడితే ముందు బండి కదలదు, మన బీపీ మాత్రం కదులుతుంది. ముందు బండికి కాస్త ఎడం వదిలి నిదానంగా పాకుతూ ఉండండి. ఆ సందులోకి ఒక స్కూటీ దూరుతుంది, దూరనివ్వండి.

దవడ బిగిసిందా, భుజాలు చెవుల దాకా లేచాయా అని సిగ్నల్ సిగ్నల్‌కీ చూసుకుని వదులు చేయండి. ముక్కుతో మామూలుగా గాలి పీల్చి, దానికి రెట్టింపు సేపు మెల్లగా వదలండి, అలా ఐదారుసార్లు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే ఇది పనిచేస్తుంది. కార్లో ఉంటే వార్తలు, ముఖ్యంగా అరుచుకునే డిబేట్లు ఆపేసి పాటలో, సీరియల్‌గా సాగే ఆడియో కథలో పెట్టుకోండి.

ఇలాంటి సలహాలన్నీ ఏసీ కార్లో కూర్చున్నవాళ్ల కోసమే ఉంటాయి, బైక్ మీద వెళ్లేవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు. సిగ్నల్ పొడవుగా ఉంటే ఇంజన్ ఆపండి, కాళ్లకి తగిలే వేడీ, చెవుల్లో మోతా రెండూ తగ్గుతాయి. బస్సు పొగగొట్టం వెనక ఆగకుండా పక్కకి జరగండి. దారి సగంలో ఒక టీ కొట్టు చూసి పెట్టుకుని మరీ ఒళ్లు మండిపోతున్న రోజు అక్కడ పది నిమిషాలు ఆగండి.

ఎవడైనా గీసుకుపోయి పైపెచ్చు మననే తిడితే కళ్లలోకి చూడకండి, కార్లో ఉంటే అద్దం దించకండి, కిందకి అసలే దిగకండి. వెంటపడితే జనం ఉన్న చోట ఆగి 112కి ఫోన్ చేయండి.

ఇంట్లో గొడవలకి మూలం ఇంకోటుంది. అమీర్‌పేటలో ఉండి "దగ్గర్లోనే ఉన్నా, పది నిమిషాల్లో వచ్చేస్తా" అనడం. ఆ పది నిమిషాలు నలభై అయ్యేసరికి అక్కడ అన్నం చల్లారుతుంది, ఇక్కడ మనం ప్రతి నిమిషం లెక్కపెట్టుకుంటూ ఉంటాం. "ఎనిమిదిన్నరకి వస్తా, తొమ్మిది కూడా కావచ్చు, మీరు తినేయండి" అని చెప్పి చూడండి. ఇంటికి చేరాక కూడా బ్యాగు పడేసి వెంటనే పిల్లల హోంవర్క్ మీద పడకుండా, ముందు మొహం కాళ్లు కడుక్కుని ఐదు నిమిషాలు ఒంటరిగా కూర్చుంటానని ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టక, ఆదివారం సాయంత్రం నుంచే గుబులుగా ఉంటే మీ మేనేజర్‌తో మాట్లాడండి. వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే చాలా చోట్ల కుదరదంటారు గానీ, ఏడున్నరకి వచ్చి నాలుగింటికి వెళ్తాను, మీటింగులు ఆ లోపే పెట్టుకుందాం అంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.