పిల్లల వార్డు పాఠాలు – 6: దగ్గుతో వచ్చిన బిడ్డ, ఊపిరి లెక్క

పోయిన పాఠంలో జ్వరం చూశాం. ఈసారి దగ్గు. మన ఒంగోలు, కందుకూరు వైపు నవంబరు ముసురు పట్టిన దగ్గర్నుంచి పొగాకు బ్యారన్లు రాజేసే రోజుల దాకా ఓపీ బెంచీల మీద దగ్గులే వినపడతాయి. అందులో ఎక్కువ భాగం ఉత్త జలుబే. ఆ పిలకాయల్లోంచి న్యుమోనియా బిడ్డను గుర్తుపట్టి ముందు లోపలికి పంపాలి. దానికి స్టెతస్కోపు కూడా అక్కర్లేదు. న్యుమోనియా పట్టిన బిడ్డకు ఊపిరి వేగమవుతుంది, దాన్ని లెక్కపెట్టడానికి సెకన్ల ముల్లున్న వాచీ ఉంటే చాలు.

మొట్టమొదట, బిడ్డను ముట్టుకోవద్దు. మనకు రాగానే థర్మామీటరు చంకలో పెట్టే అలవాటు. బిడ్డ గుక్కపెడుతుంది, ఇక లెక్క పోయినట్టే. ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా ఊపిరి వేగం మారిపోతుంది. తల్లి ఒళ్లోనే ఉండనిచ్చి, చొక్కా ఆమె చేతే పైకెత్తించండి. నిద్రపోతుంటే ఇంకా మంచిది, లెక్క అయ్యేదాకా లేపకండి. అయ్యాక మాత్రం లేపి చూడాల్సిందే. తట్టినా కళ్లు తెరవకపోతే అది నిద్ర కాదు.

వాచీని బిడ్డ పొట్ట పక్కనే పట్టుకోండి, ముల్లూ పొట్టా ఒకే చూపులో పడాలి. ఛాతీ గానీ పొట్ట గానీ, కదలిక ఎక్కడ బాగా తెలిస్తే అక్కడే చూపు నిలపండి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. అలా నిండు నిమిషం. అర నిమిషం చూసి రెండింతలు చేయడం పెద్దవాళ్ల వార్డులో నడుస్తుందేమో గానీ ఇక్కడ వద్దు. పసిబిడ్డ ఒకే తీరున ఊపిరి తీయదు. కాసేపు గబగబా తీసి, నాలుగైదు సెకన్లు ఆపి, మళ్లీ మొదలెడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డల్లో ఇది మామూలే, తల్లికి కూడా ఆ మాట చెప్పి టెన్షన్ తగ్గించండి. ఆగడం 20 సెకన్లు దాటినా, ఆగినప్పుడు బిడ్డ నీలం తిరిగినా మాత్రం పరుగెత్తాల్సిందే.

ఇక హద్దులు. 2 నెలలు నిండని బిడ్డకు నిమిషానికి 60, ఆపైన వస్తే వేగం. ఈ వయసులో 60 గానీ ఆపైన గానీ వస్తే మరోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోవాలి. 2 నెలలు నిండిన దగ్గర్నుంచి ఏడాది నిండేదాకా హద్దు 50. ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు 40. బిడ్డ ఎదిగేకొద్దీ ఊపిరి నెమ్మదిస్తుంది కాబట్టే హద్దూ దిగుతుంది. అందుకని లెక్క కంటే ముందు వయసు సరిగ్గా రాయాలి. "సంక్రాంతి ముందు పుట్టాడు" అంటే సరిపోదు, టీకా కార్డు తీయించండి. ఎలాగూ కార్డు చేతిలో ఉంది కాబట్టి న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు పడిందో లేదో అప్పుడే చూసేయొచ్చు.

లెక్క అయ్యాక చూపు డొక్కల మీదికి. ఇది చాలామందికి తికమకగా ఉంటుంది, నిదానంగా చదవండి.

"రాత్రి నుంచి డొక్కలెగరేస్తన్నాడమ్మా" అంటుంది అవ్వ.

"ఏదీ అవ్వా, కాస్త వెల్లకిలా పడుకోబెట్టు, చూద్దాం."

మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ, పొట్ట రెండూ పైకి లేస్తాయి. న్యుమోనియా ముదిరితే పీల్చేటప్పుడే కింది పక్కటెముకల భాగం లోపలికి పోతుంది. మనం చూసేది ఆ 'పీల్చేటప్పుడు' అన్న క్షణాన్ని. ఎముకల నడుమ చర్మం మాత్రమే గుంటపడితే దాన్ని ఇందులో కలపకండి. ఏడుపులో ఒకసారి కనపడి మాయమైతే అదీ లెక్కలోకి రాదు, బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు ప్రతి ఊపిరికీ కనపడాలి. 2 నెలల లోపు వాళ్లకు ఛాతీ ఎముకలు మెత్తన, కొద్దిగా లోపలికి పోవడం సహజం. లోతుగా, స్పష్టంగా పోతేనే జబ్బు కింద రాయండి. అవ్వ మాట నిజమని తేలితే ఓపీ చీటీ వరస చూడకుండా నేరుగా డాక్టరు దగ్గరికి.

చెవి కూడా పెట్టండి. వదిలేటప్పుడు పిల్లికూతలు, పీల్చేటప్పుడు గరగర, ప్రతి ఊపిరికీ మూలుగు, ఈ మూడూ వేరు వేరు. దేన్ని విన్నారో అదే రాయాలి, "సౌండ్ ఉంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

పాలు పట్టలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం, వీటిలో ఒక్కటి ఉన్నా ఊపిరి లెక్క ఎంత వచ్చిందన్నది పక్కన పెట్టి పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చూడాలి.

ఇవేవీ లేని జలుబు బిడ్డను ఇంటికి పంపేటప్పుడు తల్లి దగ్గుమందు అడుగుతుంది, ఖాయంగా. 2 ఏళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో మరోసారి చెప్పింది. తల్లిపాలు మానొద్దని, పొయ్యి పొగకు, బ్యారన్ పొగకు దూరంగా పడుకోబెట్టమని చెప్పండి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించొద్దు. ఊపిరి వేగం పెరిగినా, పాలు పట్టకపోయినా వెంటనే రమ్మనండి, లేకపోయినా రెండు రోజుల తర్వాత ఒకసారి చూపించమనండి.

అభ్యాసం: 11 నెలల పాప, నిమిషానికి 48. 13 నెలల బాబు, నిమిషానికి 44. ఇద్దరికీ దగ్గు, ఇద్దరూ తల్లుల ఒళ్లో ఆడుకుంటున్నారు. ఎవరిది వేగం? ఎందుకని? నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఈలోగా ఇంట్లోనో వీధిలోనో జబ్బు లేని పిల్లలను ముగ్గురు నలుగురిని, వేరు వేరు వయసుల వాళ్లను, నిండు నిమిషం లెక్కపెట్టి చూడండి. తర్వాతి పాఠం విరేచనాలు, చర్మం గిల్లి చూసే పద్ధతి.