ముందు బ్రౌజర్‌ను మూసి తెరవండి

బ్రౌజర్‌లో కొత్త భద్రతా లోపం బయటపడిందని వినగానే కొందరు యాంటీవైరస్ కోసం పరుగెడతారు. అంతకంటే ముందు చేయవలసింది బ్రౌజర్‌ను పూర్తిగా మూసి, మళ్లీ తెరవడం.

క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మామూలుగా అప్‌డేట్‌ను వాటంతట అవే దించుకుంటాయి. కానీ పాత ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ కొత్తది పక్కన కూర్చునే ఉంటుంది. నలభై ట్యాబులు తెరిచి, రాత్రికి కంప్యూటర్‌ను నిద్రపుచ్చి, వారాల తరబడి అలాగే నెట్టుకొచ్చేవారికి (నేనూ ఆ బాపతే) మందు ఇంట్లోనే ఉన్నా మింగనట్టు. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సహాయంలో బ్రౌజర్ వివరాల పేజీ తెరిస్తే అప్‌డేట్ ఉందో లేదో అదే వెతికి చెబుతుంది. పునఃప్రారంభించమని అడిగితే వాయిదా వేయకండి. దిద్దుబాటు విడుదలైందంటే, పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పోల్చి లోపం ఎక్కడుందో పట్టేవాళ్లూ పనిలో దిగినట్టే.

“అనుమానంగా ఉన్నవేవీ నేను నొక్కను” అన్న ధీమా అన్నిసార్లూ చాలదు. 2023 సెప్టెంబరులో బయటపడిన లోపం వెబ్‌పీ అనే రకం బొమ్మలను విప్పి చూపించే లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో (పలు ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే కోడ్‌లో) ఉంది. దురుద్దేశంతో తయారుచేసిన బొమ్మ పేజీలో కనబడితే చాలు, ఏమీ నొక్కనక్కర్లేదు. అదే లైబ్రరీని వాడుకున్నందున క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ హడావిడిగా అప్‌డేట్లు ఇవ్వవలసి వచ్చింది.

ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) జాబితా తెరిచి, ఎందుకు పెట్టుకున్నారో గుర్తురానివన్నీ తీసేయండి. అన్ని సైట్లలోని సమాచారాన్నీ చదివి, మార్చే అనుమతి అడిగే వాటిపై నాకు అసలు నమ్మకం లేదు. నిన్న మంచిదైన ఎక్స్‌టెన్షన్ రేపు చేతులు మారవచ్చు. “మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి” అని ఏదైనా పేజీ హెచ్చరిస్తే ఆ పేజీనే మూసేయండి. రోజువారీ పనికి, కంప్యూటర్‌లో ఏదైనా మార్చగల అడ్మినిస్ట్రేటర్ ఖాతా వద్దు. మామూలు ఖాతా చాలు.

విండోస్ 7 కంప్యూటర్లలో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. దానితో బ్యాంకు పనులు చేయకండి.

దిద్దుబాటు ఇంకా రాకముందే దాడులు మొదలయ్యాయని తెలిస్తే కొన్నాళ్లు వేరే బ్రౌజర్‌కు మారవచ్చు. అయితే క్రోమ్ నుంచి ఎడ్జ్‌కో బ్రేవ్‌కో ఒపెరాకో మారితే ఇల్లు మారినట్టు కాదు, అదే ఇంట్లో గది మారినట్టు. అన్నిటికీ పునాది క్రోమియం అనే ఒకే కోడ్. ఫైర్‌ఫాక్స్‌ది వేరే ఇంజిన్.