భీమిలి వెళ్లేముందు ఇవి చూసుకోండి

ముందు సముద్రం సంగతి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నీళ్లు పైకి నెమ్మదిగానే కనిపిస్తాయి కానీ కింద లాగుడు ఉంటుంది, పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయేటప్పుడైతే మరీ ఎక్కువ, అక్కడ మాత్రం దయచేసి స్నానానికి దిగొద్దు, పిల్లల చెయ్యి అస్సలు వదలొద్దు. జాలర్లు వద్దంటే వినండి, వాళ్లకి తెలుసు.

ఎర్రమట్టి దిబ్బలకి పొద్దున్నే బయల్దేరండి, ఎండ బాగా కొడుతుంది, వాటర్ బాటిల్, టోపీ మస్ట్. లోపల గెడ్డలన్నీ (నీళ్లు కోసిన వాగుల్లాంటి దారులు) ఒకేలా ఉంటాయి, దారి తప్పడం ఈజీ, ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకోండి. అంచుల మీద సెల్ఫీలు వద్దు, మట్టి జారుతుంది. వేల ఏళ్లకి ఏర్పడిన దిబ్బలండీ అవి, పేర్లు చెక్కొద్దు ప్లీజ్.

పావురాళ్లకొండకి గ్రిప్ ఉన్న షూస్ వేసుకోండి, వాన పడితే ఇంకో రోజు ఎక్కండి.