ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నప్పుడు బీపీ మాత్రల సంగతి ఎలా చూసుకోవాలి?

బీపీ ఉన్న మనిషికి న్యుమోనియా ముదిరి ఐసీయూలో చేరితే ఇంటిల్లిపాది చూపూ ఆక్సిజన్ అంకె మీదే ఉంటుంది. రోజూ పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చాక రెండు వాదనలు మొదలవుతాయి. "ఏళ్ల తరబడి వేసుకుంటున్నది, ఆపితే ఎలా?" అని ఒకరంటే, "ఆ మాత్రే ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుందట, వాట్సాప్‌లో వచ్చింది" అని ఇంకొకరంటారు. 2020లో కరోనా వచ్చిన కొత్తలో ఈ రెండో మాట నమ్మి మాత్రలు మానేసినవాళ్లూ ఉన్నారు.

బీపీని నడిపే హార్మోన్లకీ ఊపిరితిత్తులకీ నిజంగానే దగ్గరి సంబంధం ఉంది. అందుకే ఈ మాత్ర మీద నిర్ణయం ఇంట్లోవాళ్లు సొంతంగా తీసుకునేది కాదు. ఏ రోజుకారోజు బీపీని, రక్తపరీక్షను బట్టి డాక్టరు తీసుకునేది. మరి మనం చేయాల్సిందేమిటి? ఆ నిర్ణయానికి కావాల్సిన సమాచారం సరైన సమయంలో అందించడం. అది ఎలాగో వరుసగా చూద్దాం.

1. ముందు మాత్రల షీటు తిప్పి చదవండి

"బీపీ మాత్ర వేసుకుంటారండీ, తెల్లటిది, చిన్నది" అని చెబితే డాక్టరుకి ఏమీ తెలియదు. షీటు వెనక కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. దాని చివరి అక్షరాలు చూస్తే చాలావరకు జాతి తెలిసిపోతుంది.

చివర "సార్టన్" అని ఉంటే (టెల్మిసార్టన్, లోసార్టన్, ఒల్మిసార్టన్) అది యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పనిచేయకుండా అడ్డుపడే మందు. "ప్రిల్" అని ఉంటే (రామిప్రిల్, ఎనలాప్రిల్) ఆ హార్మోన్ తయారీనే తగ్గించేది. ఈ వ్యాసంలో మనకు ముఖ్యమైనవి ఈ రెండు జాతులే. ఆమ్లోడిపిన్ లాంటి "డిపిన్"లు వేరు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి "లాల్"లు ఇంకో రకం. ఈ "లాల్" మందుల్ని ఉన్నట్టుండి ఆపితే గుండెకే ప్రమాదం.

ఇంకో చిక్కుంది. ఈ రోజుల్లో ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఇస్తున్నారు. పేరు చివర "హెచ్" అని ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్, అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు కలిసి ఉంటుంది. "ఏఎం" అంటే ఆమ్లోడిపిన్. గుండె జబ్బు ఉన్నవాళ్లయితే స్పైరోనోలాక్టోన్ అనే మందు కూడా వాడుతుండవచ్చు, అది విడిగా చూసుకోండి. ఫోన్‌తో షీటు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోవడం అన్నిటికంటే తేలిక.

2. ఒంట్లో ఏం జరుగుతుందో ఒక్కసారి అర్థం చేసుకోండి

ఇదంతా ఎందుకు అనిపిస్తే మూడో అంశానికి వెళ్లిపోవచ్చు. కానీ ఇది తెలిస్తే ఐసీయూలో డాక్టరు చెప్పే మాటలు సగం తేలికవుతాయి.

బీపీ పడిపోతే ముందు పసిగట్టేది కిడ్నీలు. అవి రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1898లోనే దీని సంగతి బయటపెట్టారు. లివర్ నుంచి వచ్చే ఒక ప్రొటీన్‌ని రెనిన్ తెంపితే యాంజియోటెన్సిన్-1 వస్తుంది. దానికి పెద్దగా బలం లేదు. ఆ రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లినప్పుడు అక్కడి సన్నటి రక్తనాళాల లోపలి గోడల మీదున్న ఏసీఈ అనే ఎంజైమ్ కత్తెరలా దాని కొస తెంపుతుంది. అలా తయారయ్యేదే యాంజియోటెన్సిన్-2. ఇది రక్తనాళాల్ని బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథుల చేత ఆల్డోస్టెరాన్ విడుదల చేయించి ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడుతుంది, బీపీని పైకి లేపుతుంది. ఒంట్లో రక్తమంతా తిరిగి తిరిగి ఊపిరితిత్తుల గుండానే పోవాలి కాబట్టి ఈ పనికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

అంటే ఊపిరితిత్తులు గాలి పీల్చే తిత్తులు మాత్రమే కావు, బీపీ హార్మోన్ తయారయ్యే చోటు కూడా. చాలామందికి తెలియని సంగతి ఇదే.

దీనికి విరుగుడూ ఒంట్లోనే ఉంది. ఏసీఈ-2 అనే రెండో కత్తెర ఒకటి యాంజియోటెన్సిన్-2ని ఇంకాస్త తెంపి, నాళాల్ని వదులుచేసే మరో పదార్థంగా మారుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ రెండూ సరితూగుతుంటాయి. న్యుమోనియా, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి), కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి పోవడం లాంటివి జరిగినప్పుడు ఆ తూకం చెడవచ్చు. యాంజియోటెన్సిన్-2 మితిమీరితే సన్నటి నాళాల గోడలు వాచి కారుతాయి, గాలి ఉండాల్సిన అరల్లోకి నీరు చేరుతుంది. రెండు ఊపిరితిత్తులూ ఇలా నీరుపట్టి ఆక్సిజన్ పడిపోయే స్థితినే ఏఆర్‌డీఎస్ అంటారు. 1967లో 12 మంది రోగుల వివరాలతో దీన్ని మొదటిసారి వర్ణించారు.

2005లో వియన్నాలోని పెనింగర్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల మీద దీన్ని పరీక్షించింది. ఏసీఈ-2 లేని ఎలుకల్లో ఊపిరితిత్తులు మరీ ఘోరంగా దెబ్బతిన్నాయి. ఏసీఈ-2ని బయటినుంచి ఇస్తే ఆ దెబ్బ తగ్గింది. తర్వాత కరోనా వైరస్ కణాల్లోకి దూరేది కూడా ఈ ఏసీఈ-2ని పట్టుకునే అని తేలింది. "బీపీ మాత్రలు ఏసీఈ-2ని పెంచి వైరస్‌కి తలుపులు తీస్తాయేమో" అన్న అనుమానం అలా పుట్టింది. అనుమానంగా అది తప్పేమీ కాదు. దాన్ని పరీక్షకు పెట్టకముందే మాత్రలు ఆపేయడమే తప్పయింది.

బ్రెజిల్‌లో 659 మంది కరోనా రోగుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి సార్టన్, ప్రిల్ మాత్రలు నెల రోజులు ఆపారు, ఇంకో జట్టుకి కొనసాగించారు. 2021లో ఫలితం వచ్చింది. ప్రాణాలతో ఆసుపత్రి బయట గడిపిన రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అవి తీవ్రత తక్కువ, మధ్యస్థం ఉన్న కేసులు.

3. ఇంట్లో ఉండగానే జబ్బు చేస్తే

జ్వరం, దగ్గు మాత్రమే ఉండి, తిండీ నీళ్లూ మామూలుగా తీసుకుంటుంటే బీపీ మాత్ర ఆపొద్దు.

వాంతులు, విరేచనాలు, రోజంతా ఏమీ తాగలేకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, బీపీ పై అంకె 100 కంటే తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేసుకునే ముందు డాక్టరుకి ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు పనిచేయడానికి యాంజియోటెన్సిన్ ఆసరా కావాలి. ఆ సమయంలో సార్టన్, ప్రిల్ మందులు ఆ ఆసరాను లాగేస్తాయి, పొటాషియం కూడా పెంచుతాయి. అందుకే కొన్నాళ్లు ఆపమని డాక్టర్లు చెబుతుంటారు. ఆ మాట డాక్టరు నోటినుంచే రావాలి.

మన ఇళ్లలో నీరసంగా ఉన్నవాళ్లకి ముందు ఇచ్చేది కొబ్బరి నీళ్లు. ఈ మాత్రలు వాడేవాళ్లకి, అందులోనూ కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి, రోజుకి మూడు నాలుగు బోండాలు పట్టించడం మంచిది కాదు. వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. "సహజమైనదే కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఆయాసంతో మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మనిషి మగతగా ఉన్నా ఫోన్ల కోసం ఆగకుండా 108 పిలవండి. ఆక్సీమీటరులో ఆక్సిజన్ 94 కంటే తగ్గుతుంటే ఆసుపత్రికి బయలుదేరాలి, 90 లోపు పడితే అదీ 108 పిలవాల్సిన స్థితే. గోళ్ల రంగు తీసేసి, వేలు వెచ్చగా చేసుకుని, అంకె నిలకడగా వచ్చేదాకా ఉంచి చూడండి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి డాక్టరు ముందే చెప్పిన అంకె వేరే ఉంటుంది, దాన్నే పాటించాలి.

4. చేర్చేటప్పుడు ఒక కాగితం ఇవ్వండి

క్యాజువాలిటీలో ఎవరికీ స్థిమితం ఉండదు. నోటితో చెప్పింది షిఫ్టు మారితే పోతుంది. అర కాగితం మీద ఇలా రాసి కేస్ షీటుకి పిన్ చేయమని అడగండి:

"వయసు 64. బీపీ పదేళ్లుగా. టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర, పొద్దున ఒకటి. చివరిసారి వేసుకున్నది నిన్న ఉదయం 8కి. ఇంట్లో మామూలు బీపీ 130/80. మూడు నెలల కిందటి క్రియాటినిన్ 1.1. షుగర్ లేదు. ఏ మందూ పడకపోవడం లేదు."

(క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష.) వీటిలో బాగా పనికొచ్చేవి రెండు. ఒకటి చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్నది, ఎందుకంటే దాని ప్రభావం ఇంకా ఒంట్లో ఉందో లేదో దాన్ని బట్టి తెలుస్తుంది. రెండోది ఇంట్లో మామూలుగా ఉండే బీపీ. ఎప్పుడూ 150 ఉండే మనిషికి 105 అంటే అది బాగా తగ్గినట్టే.

5. మానిటర్ మీద ఏ అంకె చూడాలి?

ఐసీయూ మానిటర్ మీద బీపీ 92/48 అని ఉండి పక్కనే బ్రాకెట్లో 63 అని కనిపిస్తుంది. డాక్టర్లు ఎక్కువగా చూసేది ఆ బ్రాకెట్లోదే. అది సగటు పీడనం. కింది అంకెను రెట్టింపు చేసి పై అంకె కలిపి మూడుతో భాగిస్తే ఇంచుమించు అదే వస్తుంది. చాలామందికి అది 65 దగ్గర నిలబడేలా చూస్తారు. అంతకంటే తగ్గితే కిడ్నీలకీ మెదడుకీ రక్తం చాలకపోవచ్చు.

"బీపీకి సపోర్ట్ పెట్టాం" అని చెప్పారంటే ముందుగా పెట్టేది నార్ అడ్రినలిన్. అది చాలకపోతే వాసోప్రెస్సిన్ కలుపుతారు, అవసరాన్ని బట్టి హైడ్రోకార్టిసోన్ ఇస్తారు. గమనించారా, ఇవన్నీ మన ఒంట్లో సహజంగా ఉండే హార్మోన్లే. ఇంకా విచిత్రం, యాంజియోటెన్సిన్-2ని కూడా షాక్‌లో (బీపీ ప్రమాదకరంగా పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో) బీపీ లేపే మందుగా అమెరికాలో 2017 డిసెంబరులో ఆమోదించారు. ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుందని చెప్పుకున్న హార్మోనే ప్రాణం నిలబెట్టే మందు కూడా అయింది. దాన్ని మంచిదనో చెడ్డదనో ఒక్క ముక్కలో తేల్చలేం.

సపోర్ట్ మీద ఉన్న మనిషికి బీపీ తగ్గించే మాత్ర ఇవ్వరు. "పదేళ్ల మాత్ర ఆపేశారేంటి?" అని ఆ సమయంలో టెన్షన్ పడొద్దు.

6. రోజూ ఏం అడగాలి?

రౌండ్స్ తర్వాత డాక్టరు బయటికొచ్చి మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. "ఎలా ఉంది డాక్టర్ గారూ?" అంటే "క్రిటికల్" అనే జవాబే వస్తుంది. దానికి బదులు ఇలా అడిగి చూడండి:

"డాక్టర్ గారూ, నాన్నగారికి బీపీ సపోర్ట్ నిన్నటికంటే పెరిగిందా, తగ్గిందా? క్రియాటినిన్, పొటాషియం ఎంత వచ్చాయి? నిన్నటి నుంచి మూత్రం ఎంత వచ్చింది?"

సెలైన్ గురించి ఒక మాట. "ఇంకో బాటిల్ పెట్టించండి, నీరసంగా ఉన్నారు" అని సిస్టర్లను బతిమాలేవాళ్లు ప్రతి ఐసీయూ బయటా ఉంటారు. కారుతున్న నాళాలున్న మనిషికి అదనంగా ఎక్కించిన నీరు చేరేది ఊపిరితిత్తుల్లోకే. అమెరికాలో 1,000 మంది మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, షాక్ గడిచాక నీటిని పొదుపుగా ఇచ్చినవాళ్లు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారు. మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. కాబట్టి సెలైన్ తగ్గించి, మూత్రం తెప్పించే ఇంజెక్షన్ ఇస్తున్నారంటే అది నిర్లక్ష్యం కాదు.

ఎకో (గుండె స్కాన్) తీయడం, బీఎన్‌పీ అనే రక్తపరీక్ష చేయడం కూడా దీనికి సంబంధించినవే. బీఎన్‌పీ గుండె ఒత్తిడికి లోనైనప్పుడు విడుదలయ్యే హార్మోన్. ఊపిరితిత్తుల్లో నీరు గుండె వల్ల చేరిందా, నాళాలు కారడం వల్లా అన్నది తేల్చడానికి అది తోడ్పడుతుంది.

7. ఏం పట్టుబట్టకూడదు?

ఇంటర్నెట్‌లో చదివి "లోసార్టన్ ఇస్తే ఊపిరితిత్తులు కోలుకుంటాయట, మొదలుపెట్టండి" అని అడిగేవాళ్లున్నారు. ఎలుకల ఫలితం చూస్తే ఎవరికైనా ఆ ఆశ కలుగుతుంది. మనుషుల్లో అది నిలబడలేదు. ఐసీయూలో ఉన్న కరోనా రోగులకు సార్టన్, ప్రిల్ మందులు కొత్తగా మొదలుపెట్టి చూసిన రీమాప్-క్యాప్ అనే అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. అవయవాలకు యంత్రాల ఆసరా లేకుండా గడిచిన రోజులు, మామూలు చికిత్స పొందినవాళ్లలో మధ్యస్థంగా 12, ప్రిల్ మందు ఇచ్చినవాళ్లలో 10, సార్టన్ ఇచ్చినవాళ్లలో 8. మేలు లేకపోగా కీడు జరిగే సూచనలే కనిపించాయి. ఏసీఈ-2ని ప్రయోగశాలలో తయారుచేసి ఏఆర్‌డీఎస్ రోగులకు ఇచ్చిన చిన్న పరిశోధనలో యాంజియోటెన్సిన్-2 తగ్గింది గానీ ఆక్సిజన్ మెరుగుపడలేదు.

ఏఆర్‌డీఎస్‌లో ప్రాణం కాపాడతాయని గట్టిగా తేలినవి వేరే. వెంటిలేటర్‌తో చిన్న చిన్న ఊపిరులు ఇవ్వడం, తీవ్రంగా ఉన్నవాళ్లను రోజుకి 16 గంటలకు పైగా బోర్లా పడుకోబెట్టడం. అడగదలిస్తే వీటి గురించి అడగండి.

8. ఇంటికొచ్చాక మళ్లీ మొదలుపెట్టడం

ఎక్కువమంది జారేది ఇక్కడే. ఐసీయూలో ఆపిన మాత్ర డిశ్చార్జ్ సమ్మరీలో కనిపించదు. ఇంట్లో పాత డబ్బా మాత్రం అలాగే ఉంటుంది. కొందరు మర్నాటి నుంచే పాత మోతాదు వేసేసుకుంటారు, కొందరు "అక్కడ ఇవ్వలేదు కదా" అని శాశ్వతంగా మానేస్తారు. రెండూ ప్రమాదమే. డిశ్చార్జ్ రోజు పాత షీటు చేతిలో పట్టుకుని అడగండి: "ఇది మళ్లీ ఎప్పుడు, ఎంత మోతాదుతో?" జవాబు సమ్మరీ మీదే రాయించుకోండి.

వారాల తరబడి మంచాన ఉన్న మనిషి బరువు తగ్గుతాడు, బీపీ కూడా కొన్నాళ్లు తక్కువగానే ఉండొచ్చు. పొద్దున, రాత్రి ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ చూసి రాసిపెట్టండి. సార్టన్ గానీ ప్రిల్ గానీ మళ్లీ మొదలుపెడితే ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష తప్పనిసరి.

ప్రిల్ మందు మళ్లీ మొదలుపెట్టాక పొడి దగ్గు పట్టుకుంటే, జబ్బు తిరగబెట్టిందేమోనని కంగారుపడేముందు జ్వరం, ఆయాసం, ఆక్సిజన్ చూసుకోండి. అవన్నీ బాగానే ఉండి గొంతు గరగరమంటూ దగ్గు మాత్రమే ఉంటే, మందు వల్ల కావచ్చు. ఏసీఈ అనే ఆ ఎంజైమ్ దగ్గు రేపే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా తెంపుతుంటుంది, ఆ ఎంజైమ్‌ని మందు అడ్డుకుంటే బ్రాడీకైనిన్ పేరుకుంటుంది. డాక్టరుకి చెబితే సార్టన్‌కి మారుస్తారు. పెదాలో నాలుకో వాస్తే మాత్రం ఆ మాత్ర ఇక ముట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.