ఐడీ మనం ఇవ్వకపోయినా డూప్లికేట్ కీ ఎర్రర్ ఎందుకొస్తోంది?

కొత్త రో చేర్చబోతే డూప్లికేట్ కీ, అంటే ఆ ఐడీ టేబుల్‌లో ఇప్పటికే ఉంది అంటుంది. ఐడీ మనం ఇవ్వనే లేదు, డేటాబేసే వేసుకుంటోంది, మరి డూప్లికేట్ ఎక్కడ్నుంచి వచ్చింది? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇలా అయితే ముందు ఒకటి గుర్తు తెచ్చుకోండి: ఈమధ్య పాత డేటాని ఐడీలతో సహా ఇంపోర్ట్ చేశారా?

చేసి ఉంటే కారణం అదే. అక్కడ నంబర్ ఇచ్చేది కాలమ్ కాదు, దాని వెనకుండే సీక్వెన్స్, అంటే వరసగా నంబర్లిచ్చే కౌంటర్. టేబుల్‌లో ఏముందో అది చూడదు, తన లెక్క తనది. మీరు 1 నుంచి 500 దాకా ఐడీలు పెట్టి రోలు ఎక్కించినా సీక్వెన్స్ ఇంకా మొదట్లోనే ఉంటుంది, అందుకే 1 ఇస్తుంది, గుద్దుకుంటుంది, మళ్లీ ప్రయత్నిస్తే 2 ఇస్తుంది, అదీ గుద్దుకుంటుంది. ఫెయిలైన ప్రతిసారీ ఒక నంబర్ ఖర్చవుతుంది కాబట్టి 500 దాటాక ఎర్రర్ దానంతటదే పోతుంది. అలా పోయిందని వదిలేయకండి, మళ్లీ ఇంపోర్ట్ చేస్తే మళ్లీ ఇదే.

పరిష్కారం: ఇన్సర్ట్‌లు ఆపి, సెట్‌వాల్ ఫంక్షన్‌తో సీక్వెన్స్‌ని ఆ కాలమ్‌లోని పెద్ద ఐడీకి జరపండి, తర్వాతి రోకి 501 వస్తుంది. దయచేసి కోడ్‌లో "పెద్ద ఐడీకి ఒకటి కలుపు" అని మాత్రం రాయకండి. ఇద్దరు ఒకేసారి సేవ్ నొక్కితే ఇద్దరికీ అదే నంబర్ వస్తుంది, టెస్టింగ్‌లో ఇది సాధారణంగా దొరకదు, లోడ్ పెరిగిన రోజే దొరుకుతుంది.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో పెద్ద ఐడీ మీరే ఇచ్చినా కౌంటర్ దాని పైకి జరుగుతుంది, కాబట్టి అక్కడ ఈ బాధ ఉండదు. అక్కడ ఎర్రర్‌లో ప్రతిసారీ అదే నంబర్, 127 అనో 2147483647 అనో కనిపిస్తుంటే కాలమ్ నిండిపోయిందన్నమాట. మొదటిది టైనీఇంట్ అనే చిన్న నంబర్ రకానికి హద్దు, రెండోది ఇంట్ రకానికి హద్దు. కాలమ్‌ని ఇంకా పెద్ద నంబర్లు పట్టే బిగ్‌ఇంట్‌కి మార్చాలి, దాన్ని ఫారిన్ కీగా వాడే, అంటే ఈ ఐడీని దాచుకునే వేరే టేబుళ్ల కాలమ్‌లనూ మార్చాలి. పెద్ద టేబుల్ అయితే దీనికి చాలా సేపు పడుతుంది, ముందే టైమ్ చూసుకోండి. అసలు టేబుల్ తయారుచేసేటప్పుడే 1075 ఎర్రర్ వస్తే, నంబర్ దానంతటదే పడే ఆ కాలమ్‌ని ప్రైమరీ కీ (రోని గుర్తుపట్టే కాలమ్) చేయడం మర్చిపోయారేమో చూడండి.

ఇక 41 తర్వాత 43 వచ్చిందని టెన్షన్ పడేవాళ్లున్నారు. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయినా, అంటే మొదలుపెట్టిన పని మొత్తం రద్దయినా, తీసుకున్న నంబర్ వెనక్కి రాదు. రావాలంటే ఒకరి పని తేలేదాకా మిగతావాళ్లంతా ఆగాలి. ఖాళీ లేకుండా వరసగా రావాల్సింది బిల్లు నంబర్ లాంటిదైతే దానికి ఐడీని వాడకండి, వేరే టేబుల్‌లో ఒక రో పెట్టి, బిల్లు సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే దాన్ని లాక్ చేసి పెంచండి.