అపార్ట్‌మెంట్‌లో జెండా: ఏది పొరపాటు, ఏది నేరం

ఆగస్టు 15న ఎక్కడో ఒకచోట జెండా తలకిందులుగా ఎగురుతుంది. పదినిమిషాల్లో వీడియో, దాని వెనకే "కేసు పెట్టాలి" అన్న కేకలు. 1971 నాటి చట్టం ప్రకారం జెండాను అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నిజమే. కానీ కాషాయం కిందికి వచ్చేలా కావాలని ఎగరేస్తేనే నేరమని ఆ చట్టమే అంటోంది. పొరపాటున కట్టినవాడిని జైలుకు పంపితే జెండాకు గౌరవం పెరగదు. గీత అక్కడ గీయడమే సబబు.

ఆ పొరపాటును ముందురోజే ఆపొచ్చు. జెండా అంచున కుట్టిన మడతలోంచి తాడు దూర్చాక, కాషాయం వైపు కొసకు ఎర్రదారం చుట్టండి. పైకి వెళ్లేది ఆ కొసే. గుప్పెడు పూలరేకులు చాలు (విప్పేముందు రేకులు పెట్టడానికి చట్టంలోనే మినహాయింపు ఉంది), కానీ పొడివి వాడండి; తడివైతే గుడ్డకు అతుక్కుని జెండా విచ్చుకోదు. కట్టేది ఒకే ఒక్క జారుముడి, రెండో ముడి వేస్తే లాగేకొద్దీ బిగుసుకుంటుంది. 14 సాయంత్రం ఒకసారి పైదాకా లాగి, విప్పి చూసి దించండి. కప్పీలో తాడు ఇరుక్కునేదీ, ముడి మొరాయించేదీ అప్పుడే బయటపడుతుంది.

బాల్కనీకి 900 × 600 మిల్లీమీటర్ల జెండా సరిపోతుంది. ఏ సైజైనా పొడవు, వెడల్పు 3:2లో ఉండాలి. నిలువుగా వేలాడదీస్తే, ఎదురుగా నిలబడి చూసేవారికి కాషాయం ఎడమవైపు కనిపించాలి. 2021 డిసెంబరు నుంచి పాలిస్టర్ జెండాకూ అనుమతి ఉంది. 2022 జులై నుంచి ఇంటిమీద రాత్రి కూడా ఉంచొచ్చు.

జెండా మీద పేర్లు రాయడం, కారు బానెట్ మీద పరవడం, రుమాళ్ల మీదో దిండుగలీబుల మీదో కుట్టడం మాత్రం నేరాల జాబితాలోవే. చట్టబద్ధంగా మార్పు కోరుతూ ప్రభుత్వాన్ని విమర్శించడం ఆ జాబితాలో లేదు. జెండా ఎగరేయడం పౌరుడి భావప్రకటన హక్కులో భాగమేనని, అయితే దానికి సహేతుకమైన పరిమితులు ఉంటాయని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చిరిగిన జెండాను చెత్తబుట్టలో వేయకండి, ముక్కలు చేయకండి. నలుగురి కంటపడని చోట మొత్తంగా, వీలైతే కాల్చేయడం ద్వారా, నాశనం చేయాలని ఫ్లాగ్ కోడ్ (జెండా వాడకంపై కేంద్రం నియమావళి) సూచిస్తోంది. అదే కాల్చడం నడివీధిలో అవమానించాలని చేస్తే నేరం. పాలిస్టర్ కరిగి కారుతుంది, చేత్తో పట్టుకుని అంటించకండి.