సీఐసీఎస్ నేర్చుకుందాం – 6వ పాఠం: సోమవారం మాయమైన ట్రాన్సాక్షన్

సీఐసీఎస్ అంటే ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ మీద ట్రాన్సాక్షన్లు నడిపే సాఫ్ట్‌వేర్ కదా, అందులో ఈ వారం మ్యాప్‌సెట్లు (స్క్రీన్ లేఅవుట్లు) మొదలెడదాం అనుకున్నా, కుదరట్లేదు. పోయిన పాఠంలో పీఏవై1 అనే ట్రాన్సాక్షన్ డిఫైన్ చేసి ఇన్‌స్టాల్ చేసినోళ్ళలో చాలామంది ఒకటే అడుగుతున్నారు, శుక్రవారం దాకా బానే నడిచింది, సోమవారం కొడితే డీఎఫ్‌హెచ్‌ఏసీ2001, ట్రాన్సాక్షన్ నాట్ రికగ్నైజ్డ్ అంటోంది ఏంటి అని. మారతహళ్ళి పీజీలో ఉండే తమ్ముడొకడు మొత్తం మళ్ళీ డిఫైన్ చేయబోతే ఆ పేరుతో ఆల్రెడీ ఉంది పొమ్మందంట. ఉంటుంది మరి, డెఫినిషన్ సీఎస్‌డీ ఫైల్లో (డెఫినిషన్లన్నీ దాచే ఫైలు) భద్రంగానే ఉంది, పోయింది రీజియన్లోంచి, అంటే నడుస్తున్న సీఐసీఎస్‌లోంచి.

డిఫైన్ కొడితే సీఎస్‌డీలో రాసుకుంటుంది, అంతే. ఇన్‌స్టాల్ కొడితే నడుస్తున్న రీజియన్లోకి వస్తుంది, గ్లోబల్ క్యాటలాగ్‌లో (రీజియన్ తన స్థితి రాసుకునే ఫైలు) కూడా పడుతుంది. వార్మ్ స్టార్ట్ (పాత స్థితి నిలుపుకుని మళ్ళీ మొదలవడం) అయితే ఆ క్యాటలాగ్ నుంచే తెచ్చుకుంటుంది కాబట్టి మీకేం తేడా తెలీదు, నెలల తరబడి తెలీకపోవచ్చు కూడా. కోల్డ్ స్టార్ట్ (ఆ పాత స్థితి వదిలేసి కొత్తగా మొదలవడం) అయిందంటే మాత్రం జీఆర్‌పీలిస్ట్ అనే స్టార్టప్ పారామీటర్‌లో ఇచ్చిన లిస్టుల్లో ఉన్న గ్రూపులే (డెఫినిషన్ల కట్టలు) ఇన్‌స్టాల్ అవుతాయి. మన ప్రాక్టీస్ రీజియన్‌కి వీకెండ్‌లో కోల్డ్ స్టార్ట్ ఇచ్చారు, మీ గ్రూప్ ఏ లిస్టులోనూ లేదు, అయిపాయె.

సీఈడీఏ యాడ్ గ్రూప్(పేగ్రూప్) లిస్ట్(మైలిస్ట్)

మీ గ్రూప్‌ని లిస్టులో చేర్చడానికి ఇది కొట్టాలి (సీఈడీఏ అంటే డెఫినిషన్లు చూసుకునే సీఐసీఎస్ ట్రాన్సాక్షన్). ఇక్కడే నాకు ఒళ్ళు మండే సంగతొకటుంది. లిస్ట్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టారనుకోండి, ఎర్రర్ రాదు, ఆ తప్పు పేరుతోనే కొత్త లిస్ట్ తయారు చేసి సక్సెస్‌ఫుల్ అని చూపిస్తుంది. మైలిస్ట్ బదులు మైలిట్స్ అని కొట్టినా సక్సెస్సే, పేరులో సున్నా ఉంటే దాని బదులు ఓ కొట్టినా సక్సెస్సే. ఆ లిస్ట్ జీఆర్‌పీలిస్ట్‌లో లేదు కాబట్టి దాన్ని ఎవడూ చదవడు, మీరేమో సక్సెస్ చూసి టీ తాగడానికి పోతారు. డిఫైన్లో గ్రూప్ పేరు తప్పు కొట్టినా ఇదే కథ, కొత్త గ్రూప్ పుడుతుంది. అందుకే యాడ్ అవగానే సీఈడీఏ ఎక్స్‌పాండ్ లిస్ట్(మైలిస్ట్) కొట్టి మీ గ్రూప్ కనిపిస్తోందో లేదో కళ్ళతో చూడండి, సక్సెస్ మెసేజ్‌ని నమ్మొద్దు. అసలు రీజియన్ ఏ లిస్టులు చదువుతోందో స్టార్టప్ జాబ్ సిస్‌ఇన్‌లో (పారామీటర్లు ఇచ్చే చోటు) చూడండి, జీఆర్‌పీలిస్ట్‌లో 4 దాకా ఇవ్వొచ్చు.

డీఎఫ్‌హెచ్‌లిస్ట్‌లోకి మీ గ్రూప్ తోయాలని చూడకండి, డీఎఫ్‌హెచ్‌తో మొదలయ్యేవన్నీ ఐబీఎమ్‌వి, వాటిని మార్చనివ్వదు.

ప్రోగ్రామ్ ఆటోఇన్‌స్టాల్ (మొదటిసారి వాడగానే డెఫినిషన్ తానే తయారవడం) ఉంటే ప్రోగ్రామ్ డిఫైన్ చేయక్కర్లేదు అంటారు, నిజమే, నేనైతే చేస్తా, ఆర్నెల్ల తర్వాత గ్రూప్ ఎక్స్‌పాండ్ చేస్తే ఏ ట్రాన్సాక్షన్ వెనక ఏ ప్రోగ్రామ్ ఉందో ఒక్కచోటే కనిపిస్తుంది.

ప్రాక్టీస్: ఇదంతా స్క్రీన్ మీద కాకుండా డీఎఫ్‌హెచ్‌సీఎస్‌డీయూపీ (సీఎస్‌డీని మార్చే బ్యాచ్ యుటిలిటీ) జాబ్‌తో చేయండి. రెండు గ్రూపుల్లో పీఏవై1నే పెట్టి వేర్వేరు ప్రోగ్రాములివ్వండి, రెండూ ఒకే లిస్టులో యాడ్ చేయండి, కోల్డ్ స్టార్ట్ తర్వాత ఏది నడుస్తుందో ముందే కాగితం మీద రాసి అప్పుడు సీఈఎమ్‌టీ (రీజియన్లో ఏముందో చూపించేది) ఇంక్వైర్ ట్రాన్సాక్షన్‌తో చూడండి (లిస్టులో వెనక వచ్చేది ముందుదాన్ని తొక్కేస్తుంది, అయినా చేసి చూడండి). ఆ బ్యాచ్ జాబ్‌లో ఇన్‌స్టాల్ కమాండ్ ఉండదు, మాన్యువల్లో వెతుక్కుంటూ కూర్చోకండి.